డప్పు కొట్టినవాళ్లకు కుర్చీ

చావు దగ్గర డప్పు కొట్టిన మనిషికి మీరు ఎప్పుడైనా కుర్చీ వేశారా? అన్నం పెట్టాం, పంచె పెట్టాం అని చెప్పకండి. అది నేను అడగలేదు. మీ బంధువులు కూర్చున్న వరసలో, వాళ్లకు వేసిన రకం కుర్చీయే వేశారా?

ఈ ప్రశ్న మొదట మా నాన్న నన్ను అడిగాడు. జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో, నా రెండు గదుల అద్దె ఇంట్లో, కరోనా వచ్చిన మొదటి వేసవిలో. నేను ఒక చిన్న సంగీత బృందంలో డ్రమ్ వాయిస్తాను. గొడవంతా ఆ డ్రమ్ గురించే.

మేం నలుగురం. ఫిడేలు వాయించేది ఒక భూగోళం మాస్టారు. బృందం మొదలుపెట్టింది ఆయనే. ఫ్లూటు వాయించేది ఆసుపత్రి నర్సు. గిటార్ వాయించేవాడు సభలకూ కచేరీలకూ మైకులు, స్పీకర్లు అమర్చి బతికేవాడు. నాలుగోదాన్ని నేను. పగలంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం, సాయంత్రాలు డ్రమ్. ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో, ఫ్రాన్స్ పడమటి కొసన బ్రిటనీలో పల్లె జనం ఆడి పాడుకున్న పాత బాణీలు మేం వాయిస్తాం. ఇక్కడ వాటిని సెల్టిక్ సంగీతం అంటారు. మా నలుగురిలో ఆ ప్రాంతాల్లో పుట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక వైన్ పండగలో ఒకాయన దగ్గరికొచ్చి, "మీలో అసలు ఐరిష్ ఎవరు?" అని నిలదీశాడు. గిటార్ అతను నా డ్రమ్ తిప్పి లోపలి ముద్ర చూపించాడు. "ఇదొక్కటే ఐరిష్ అనుకున్నాం. ఇది కూడా పాకిస్తాన్‌లో చేశారట" అన్నాడు. ఆయన నవ్వలేదు. మేం చాలా నవ్వాం.

బృందంలోకి నేను వచ్చింది ఒక కుర్చీ వల్ల. చదువుకునే రోజుల్లో ఒక పబ్బులో వాళ్లు వారం వారం గుండ్రంగా కూర్చుని వాయించేవాళ్లు. వేదిక ఉండదు, మైకు ఉండదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా కూర్చుంటారు. ఆ వలయంలో మాస్టారు ఎప్పుడూ ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతాడు. ఎవరి కోసం అంటే, ఎవరొస్తే వాళ్ల కోసం. ఒక సాయంత్రం చోటు దొరక్క దాన్ని లాక్కోబోయాను. ఆయన, "లాక్కోకు, అక్కడే కూర్చో" అన్నాడు. అప్పటి డ్రమ్ వాయించే అమ్మాయి వేరే ఊరికి మారిపోతూ తన డ్రమ్ నా ఒడిలో పెట్టి వెళ్లింది. నేను దిండు మీద నెలల తరబడి కొట్టి నేర్చుకున్నాను. ఒకసారి మా నర్సు మెచ్చుకోలుగా, "ఇండియా వాళ్ల రక్తంలోనే తాళం ఉంటుంది" అంది. "రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది. నర్సువి, నీకు నేను చెప్పాలా?" అన్నాను. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏళ్ల తరబడి పెళ్లిళ్లు, వైన్ పండగలు, పబ్బులు. ఒక పల్లె చర్చి హాల్లో రికార్డు చేసిన ఒకే ఒక్క సీడీ. చివరికి ఆ ఏడాది వేసవికి ఉత్తరాన ఒక పెద్ద జానపద ఉత్సవంలో మాకు అవకాశం వచ్చింది. గిటార్ అతను కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు.

చలికాలం చివర్లో మా నాన్న వచ్చాడు. మూడు నెలల వీసా. కోస్తాలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. హేతువాద సభల్లో వాదించడమే ఆయన జీవితం. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సభలకు తీసుకెళ్లేవాడు. ఇంట్లో సినిమాకు వెళ్లాలన్నా మూడు కారణాలు చెప్పి ఆయన్ని ఒప్పించాలి.

గోడకు వేలాడుతున్న డ్రమ్ చూశాడు. "ఇదేంటమ్మా?"

"బౌరాన్ అంటారు నాన్నా. ఐరిష్ వాళ్లది."

దించి, తోలు మీద గోటితో మీటాడు. "మేక తోలు. చెక్క చట్రం. దీన్ని మనూళ్లో డప్పంటారు. పేరు మారిస్తే తోలు మారుద్దా?"

దాన్ని మళ్లీ గోడకు తగిలించాడు, తోలు గోడవైపు పెట్టి.

మా తాత మాదిగపల్లెలో పుట్టాడు. ఊళ్లో ఎవరు చచ్చినా డప్పు తీసుకుని వెళ్లాలి. వెళ్లకపోవడం అనేది లేదు. జ్వరమొచ్చినా, ఇంట్లో పురుడు జరుగుతున్నా, ఎవరో ఒకరు గుమ్మం అవతల నుంచి కేకేస్తే లేచి పోవాలి. ఒకరోజు మా తాత వెళ్లలేదు. కేకేసిన మనిషి కళ్లముందే కత్తి తీసుకుని తన డప్పు తోలు నిలువుగా కోశాడు. ఆ ఏడాది మా పేటలో ఎవరికీ కూలి పని చెప్పలేదు. ఆ చట్రాన్ని మా నానమ్మ జల్లెడ చేయించుకుంది. డప్పు పేట పాస్టరుగారు మాన్పించారని తర్వాత కొందరు చెప్పుకున్నారు. నాన్నకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. "దేవుడు చెప్తే మానలా. మనిషినని మానాడు" అంటాడు. మా ఇంట్లో దేవుడి పటాలు లేవు. తాత కోసిన తోలు కథ ఉంది. నేను అది వింటూ పెరిగాను.

మార్చిలో అన్నీ మూతపడ్డాయి. నాన్న తిరిగి వెళ్లే విమానం రద్దయింది. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే ఆఫీసువాళ్లిచ్చే అపాయింట్‌మెంట్ కోసం రోజూ ఈమెయిల్ చూసుకోవడం, రోజూ వాదించుకోవడం. ఇద్దరికీ కాలు నిలవదు. ఆయన వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి నడుస్తాడు. నేను ల్యాప్‌టాప్ మూసి, తెరిచి, మళ్లీ మూస్తాను. సాయంత్రం డ్రమ్ మీద తువ్వాలు కప్పి సాధన చేస్తే, కింది ఇంటి ముసలాయన చీపురు కర్రతో పైకప్పు పొడిచేవాడు. "ఆయనెవరో తెలివైనోడు. టీకి పిలుద్దాం" అనేవాడు నాన్న.

ఉత్సవం రద్దయింది. మాస్టారు వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామన్నాడు. నేను దెబ్బ వేస్తే అది ఆయనకు అర క్షణం ఆలస్యంగా చేరుతుంది. దానికి ఆయన వాయించింది నాకు ఇంకో అర క్షణం ఆలస్యంగా వస్తుంది. ఒకరి కోసం ఒకరం ఆగుతూ ఆగుతూ, గంతులేయాల్సిన బాణీ కాళ్లు పీక్కుంటూ నడిచింది. "ఇలా వాయిస్తే జనం నాట్యం చెయ్యరు, నిద్రపోతారు" అని గిటార్ అతను కెమెరా కట్టేశాడు. కచేరీలు లేవు కాబట్టి అతనికి పనీ లేదు. పార్శిళ్ల గోదాములో చేరాడు. "ఇది తాత్కాలికమే" అన్నాడు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

అదే రోజుల్లో ఇక్కడి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెద్ద మెసేజ్ పెట్టాడు. దూరం, మడి, ముట్టుకోకపోవడం మన పూర్వీకులు ఎప్పుడో కనిపెట్టారట, ప్రపంచం ఇప్పుడు నేర్చుకుంటోందట. చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. ఉప్పు పప్పులు ఎక్కడ దొరుకుతాయో తెలుస్తుందని నేనే నాన్నను ఆ గ్రూపులో చేర్పించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, చాలాసేపు టైపు చేశాడు. "అయ్యా, మా తాతల్ని మీ తాతలు ఊరి బావి దగ్గరికి రానివ్వనప్పుడు ఆ నీళ్లలో ఏ వైరస్ ఉందో ల్యాబ్ రిపోర్టు ఉంటే పెట్టగలరు. సైన్సు మాస్టారిని. ఆసక్తిగా చదువుతాను."

మర్నాడు అడ్మిన్, దయచేసి టెర్మిన్లు, సరుకులు, విమానాల సంగతులు మాత్రమే పెట్టాలని కోరాడు.

దూరం అందరికీ ఒకే కొలతలో ఉంటే ఆరోగ్య నియమం. ఒక పేటవాళ్లకే ఉంటే కులం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

మే నెలలో ఆంక్షలు కొంచెం సడలాయి. మాస్టారి తల్లి ఒక వృద్ధాశ్రమంలో ఉండేది. కొడుకును కూడా లోపలికి రానివ్వని రోజులు. ఆశ్రమం వాళ్లు పెరట్లో వాయించుకోవడానికి ఒప్పుకున్నారు. ముసలివాళ్లు కిటికీల్లో నిలబడ్డారు. మేం కింద, ఒకరికొకరం దూరంగా. ఫ్లూటు ఊదేవాళ్లు ఇంకా దూరం ఉండాలన్నారు కాబట్టి నర్సు చెత్తడబ్బాల పక్కన నిలబడి వాయించింది. రెండో అంతస్తు కిటికీలో మాస్టారి తల్లి. చిన్న ముఖం, తెల్లటి జుట్టు. నా డ్రమ్‌కు సరిగ్గా కలుపుతూ ఆమె కిటికీ గట్టు మీద అరచేత్తో కొట్టింది. మేం ఆపేశాక కూడా కొడుతూనే ఉంది. ఇంకా కావాలని.

జూన్‌లో ఆమె చనిపోయింది.

మర్నాడు మాస్టారు మా బాల్కనీ కిందికి వచ్చాడు. పైకి రాలేదు. మాస్కు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, పెరట్లో నిలబడి తలెత్తి మాట్లాడాడు. అంత్యక్రియలకు వాయించగలమా అని అడిగాడు. "అమ్మ ఆ డ్రమ్ అడిగింది. కానీ నీకు ఇబ్బందైతే చెప్పు. ఫిడేలు ఒక్కటైనా సరిపోతుంది. నేనేమీ అనుకోను" అన్నాడు. రేపు సాయంత్రంలోగా చెప్తానన్నాను. ఆయన తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాన్న నా పక్కనే నిలబడి అంతా చూశాడు. జర్మన్ రాదు. అయినా చావు సంగతి అర్థమైంది.

"ఏం అడిగాడు?"

చెప్పాను.

ఆయన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నేనూ వెళ్లాను. "పెళ్లిలో కొట్టు. బార్లో కొట్టు. నీ ఇష్టం, నేను అడ్డం రాను. చావులో మాత్రం కొట్టొద్దమ్మాయ్. ఆ చావు డప్పు వదిలించుకోటానికి మా నాన్న ఏడాది పస్తులున్నాడు. నువ్వు విమానమెక్కి ఇంత దూరం వచ్చి మళ్లీ అదే భుజాన వేసుకుంటావా?"

"తాత వదిలింది వెట్టిని నాన్నా. వాద్యాన్ని కాదు."

"ఆ తేడా తోలుకి తెలుసా? చూసేవాడికి తెలుసా?"

"చూసేవాడి కోసం బతకొద్దని సభలో మైకు పట్టుకుని చెప్పింది ఎవరు?"

"మాట మార్చకు."

"నేను మార్చలా. నువ్వే చెప్పావని గుర్తు చేస్తున్నా."

"నాకే పాఠమా! సరే, ఎదురుగా కూర్చో." అది మా ఇంటి పద్ధతి. వాదన ముదిరితే ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, అరవకూడదు. "మొదటిది. పిలిచింది ఎవరు?"

"ఆమె కొడుకు. స్వయంగా వచ్చాడు. నువ్వు చూశావ్."

"రెండోది. కుదరదంటే ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడు. ఇబ్బందైతే చెప్పమన్నాడు. ఫిడేలు సరిపోతుందన్నాడు."

నాన్న బాల్కనీ వైపు చూశాడు. "మా నాన్నని ఎవరూ అలా అడగలా" అన్నాడు మెల్లగా. తర్వాత మూడోది అడిగాడు. "కొట్టటం అయ్యాక నిన్నెక్కడ కూర్చోబెడతారు?"

మామూలు రోజుల్లో ఇక్కడ అంత్యక్రియల తర్వాత అందరూ ఒక హోటల్లో కూర్చుని కాఫీ, కేకు తీసుకుంటారు. ఇప్పుడు హోటళ్లలో సవాలక్ష నియమాలు. "తెలీదు" అన్నాను.

"తెలుసుకో. వాళ్లవాళ్లు కూర్చున్న చోట నీకు కుర్చీ వేస్తే నేను నోరెత్తను. వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే మళ్లీ ఆ డ్రమ్ ముట్టుకోను."

"కుర్చీ వెయ్యమని ముందే చెప్పకూడదు."

"చెప్పను."

ఎందుకంత మాట ఇచ్చానో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వాదనలో ఓడిపోవడం చేతకాని ఇల్లు మాది. వాయిస్తానని మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. మా నాన్న కూడా వస్తానంటున్నాడు అన్నాను. తప్పకుండా రమ్మన్నాడు. కుర్చీ మాట నేను ఎత్తలేదు.

అంత్యక్రియల రోజు పొద్దుటి నుంచి సన్న తుంపర. తేమకు డ్రమ్ తోలు వదులైపోయి, కొడితే తడి అట్ట మీద కొట్టినట్టు పలుకుతోంది. జుట్టు ఆరబెట్టుకునే మెషిన్‌తో ఆరబెడుతుంటే నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. "అంత దగ్గరగా పెట్టకు. పగులుద్ది." చొక్కా వేసుకోవడానికి వెళ్లిపోయాడు.

శ్మశానంలో చిన్న ప్రార్థన మందిరం. లోపల దూరం దూరంగా కొన్నే కుర్చీలు, దగ్గరి కుటుంబానికి మాత్రమే. వాయించేవాళ్లు బయట నిలబడాలన్నారు. అంటే నర్సు, గిటార్ అతను, నేను. మాస్టారు ఆమె కొడుకు కాబట్టి ఫిడేలు పెట్టెతో లోపల కూర్చున్నాడు. మేం గోడ పక్కన వానలో. నాన్న ఇంకొంచెం అవతల, గొడుగు కింద. ఆయన లోపలి కుర్చీలు చూశాడు, బయట నన్ను చూశాడు. ఆయన మాట్లాడకపోవడం కన్నా వాదించడం నయం.

శవపేటిక బయటికి తెచ్చాక మాస్టారు ఫిడేలు అందుకుని ముందు నడిచాడు. నేను ఎడమ చేయి తోలు వెనకాల ఆనించి, మోతను అదిమిపట్టి, నడకకు సరిపడా నెమ్మదిగా దెబ్బ వేశాను. గుంత దగ్గర మాస్టారి ఫిడేలు విల్లు ఆగిపోయింది. ఆయన మళ్లీ అందుకునే దాకా నా డ్రమ్ ఒక్కటే మోగింది. కిటికీ గట్టు మీద ఆమె కొట్టిన దెబ్బే వేశాను. ఆయన కళ్లు తుడుచుకుని కలిశాడు.

అంతా అయ్యాక మాస్టారు, "మా తోటకు రండి, బయటే కూర్చుందాం" అన్నాడు. ఊరి చివర అద్దెకిచ్చే చిన్న చిన్న కూరగాయల తోటల్లో ఆయనదొకటి. వాన ఆగింది. మేం వెళ్లేసరికి, శ్మశానం నుంచి ముందే వచ్చేసిన మాస్టారి చెల్లెలు మడత కుర్చీలు వేసి ఉంచింది. గడ్డిలో గుండ్రంగా, ఒక్కోటి రెండు బారల దూరంలో. అన్నీ ఒకే రకం కావు, తుప్పు పట్టినదీ ఉంది, చారల గుడ్డదీ ఉంది. తుప్పు పట్టినది మాస్టారే తీసుకున్నాడు. నాకొకటి ఉంది. నాన్నకొకటి ఉంది. అలవాటు ప్రకారం ఎవరిదీ కానిది ఇంకొకటి ఉంది.

నాన్న కంచె తలుపు దగ్గరే ఆగిపోయాడు. మాస్టారి చెల్లెలు ఏదో అంది.

"ఏమంటోంది?"

"కూర్చోమంటోంది నాన్నా."

వచ్చి కూర్చున్నాడు, అంచు మీద. ఆమె ఫ్లాస్కు నుంచి కప్పులో కాఫీ పోసింది. ఆయన వైపు నడిచి, మధ్యలో ఆగి, కప్పు గడ్డిలో పెట్టి, వెనక్కి అడుగులేసి వెళ్లిపోయింది.

నేలమీద కప్పు. పెట్టి వెనక్కి తగ్గిన మనిషి. మా పేటలో పుట్టినవాళ్లకు ఈ దృశ్యం వివరించక్కర్లేదు. నాన్న ముఖం రాయిలా అయిపోయింది. నేను లేవబోయాను. ఆయన చేత్తో ఆగమన్నాడు.

ఆమె ఇంకో కప్పు నింపింది. అలాగే మధ్యలో ఆగి, గడ్డిలో పెట్టి, వెనక్కి తగ్గింది. ఈ కప్పు ఆమె సొంత అన్నకు. అప్పుడే తల్లిని పూడ్చి వచ్చిన మాస్టారు లేచి, వంగి, గడ్డిలోంచి కప్పు తీసుకుని, దానికి అంటిన గడ్డిపోచ దులిపి తాగాడు. తర్వాత నర్సుకు. తర్వాత గిటార్ అతనికి. తర్వాత నాకు. అందరం వంగి తీసుకున్నాం.

నాన్న ఇదంతా చూశాడు. ప్రయోగశాలలో పిల్లలు చేసే ప్రయోగాన్ని చూసినట్టు, ఒక్కొక్కరినీ. అప్పుడు లేచి, వంగి, తన కప్పు తీసుకున్నాడు. చల్లారిపోయి ఉంటుంది. పూర్తిగా తాగాడు.

ఇంటికి వెళ్లే ట్రామ్‌లో, మాస్కు వెనక నుంచి, "కుర్చీ వేశారు కాబట్టి కూర్చున్నా. ఒప్పుకున్నానని ఎక్కడా రాయకు" అన్నాడు.

రాయడం లేదు. ఆయన ఒప్పుకోలేదు. జూలైలో ప్రత్యేక విమానంలో చోటు దొరికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఫోన్‌లో వాదిస్తాడు. ఒక్క మార్పు మాత్రం ఉంది. ఆయన వెళ్లాక చూస్తే, డ్రమ్ గోడకు సరిగ్గా వేలాడుతోంది, తోలు గదివైపు.

గిటార్ అతను గోదాములోనే ఉండిపోయాడు. ఆ చలికాలం మళ్లీ అన్నీ మూసేశారు. నర్సు మూడు షిఫ్టుల మధ్య ఫ్లూటు ముట్టుకునే ఓపిక లేక ఒక ఏడాది మానేసి, తర్వాత మళ్లీ వచ్చింది. ఉత్సవం వాళ్లు మళ్లీ పిలవలేదు. ఇప్పుడు ముగ్గురమే. పబ్బులో వాయిస్తే రెండు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఒకటి గిటార్ అతనిది, ఒకటి ఎవరొస్తే వాళ్లది. బృందం ఇంకెన్నాళ్లుంటుందో నాకు తెలియదు. స్థిమితంగా ఉన్నానని అబద్ధం చెప్పలేను.

నేను వాయించే వీడియోలు చూసి ఇక్కడి తెలుగువాళ్లు, "ఐరిష్ డ్రమ్మా! ఎంత క్లాసో!" అంటారు. మేక తోలు, చెక్క చట్రం. మీ ఊళ్లోనూ ఉంది. దానికి క్లాసు ఎప్పుడు పోయిందో, ఎవరు తీసేశారో మీకు తెలుసు.

కాబట్టి మెచ్చుకోళ్లు నాకొద్దు. ఈసారి మీ ఇంట్లో చావు జరిగితే, డప్పు కావాలనుకుంటే, గుమ్మం అవతల నుంచి కేకేయకండి. మీరే వెళ్లి అడగండి. రామంటే నోరు మూసుకుని తిరిగి రండి. వస్తే, కొట్టడం అయ్యాక, మీ బావగారి పక్కన, మీ బావగారికి వేసిన కుర్చీ లాంటిదే వేయండి. బావగారు లేచి వెళ్లిపోతే పోనివ్వండి. కుర్చీ మాత్రం తీయకండి.